ఏడో పలుకు

"పిట్టలన్నీ ఒకటేగా" అని ఎవరైనా నా ముందు అంటే నాకు ఒళ్లు మండుతుంది. పందొమ్మిదేళ్లుగా మండుతూనే ఉంది. మా పక్షుల కేంద్రానికి ఏ పెద్దమనిషి వచ్చినా ముందు ఆ మాట అంటాడు, ఆ తర్వాతే మంచినీళ్లు అడుగుతాడు. మా పెద్దసారు మరీ ఘోరం. కేంద్రానికి అధికారి, పక్షుల మీద పెద్ద చదువు చదివిన మనిషి. అయినా ఆయనకు కావలసింది సగటు. "గోరింక సగటున ఎంత తింటుంది, సగటున ఎంతసేపు వెతుక్కుంటుంది, అది రాయండి చాలు" అంటాడు. సగటు గోరింకను ఆయన ఎక్కడ చూశాడో నాకు తెలియదు. నా పళ్లేల మీద మాత్రం అది ఒక్కసారీ వాలలేదు.

నది ఒడ్డున మా కేంద్రం వెనక పెరట్లో ఆరు ఇనప పళ్లేలుంటాయి. ఒక్కో పళ్లెం కింద ఒక త్రాసు. పిట్ట వాలగానే దాని బరువు నా గదిలో చిన్న తెర మీద కనిపిస్తుంది. నేను కిటికీ వెనక కూర్చుని, కాళ్లకు మేం తొడిగిన రంగు ఉంగరాలను బట్టి ఏది ఏదో గుర్తుపట్టి, ఏం తిన్నదో ఎలా తిన్నదో రాస్తాను. ఇదే నా ఉద్యోగం. మేస్త్రీ అని నేను పేరు పెట్టినది ఒకటుంది. ఇటుకలు ఏరుకున్నట్టు ప్రతి గింజనూ అటు తిప్పి ఇటు తిప్పి, నచ్చక పక్కన పారేసి, పదోదాన్ని తింటుంది. వసూళ్ల రాజు అని ఇంకొకడు. వాడు జన్మలో తన తిండి తాను వెతుక్కోలేదు. పక్కవాడు పురుగును పైకి లాగేదాకా ఆవలిస్తూ కూర్చుని, లాగగానే లాక్కుంటాడు. ఈ రెండూ ఒకే గూట్లో, ఒకే రోజు గుడ్లలోంచి బయటపడ్డ పిల్లలు. గూట్లో ఉన్నప్పుడే ఉంగరాలు తొడిగింది నేనే కాబట్టి నాకు తెలుసు. ఒక తల్లి పిల్లలైనంత మాత్రాన ఒకలా తింటారా? మా అక్కా నేనూ ఒక తల్లి పిల్లలమే.

మా అక్క సంగతి చెప్పాలంటే ముందు ఆకుపచ్చ-నలుపు సంగతి చెప్పాలి.

దానికి ఎడమ కాలి మీద ఆకుపచ్చ ఉంగరం, దాని పైన నల్లది. అది మిగతా వాటిలా వచ్చీ రాగానే ఎగబడదు. పళ్లెం అంచు మీద వాలి, ముక్కుతో ఇనుము మీద మూడుసార్లు కొడుతుంది. టక్, టక్, టక్. కొట్టి, తల వంచి, ఎవరో బదులిస్తారన్నట్టు కాసేపు ఆగుతుంది. తర్వాత ఎడమ చివర మొదలుపెట్టి ఒక్కొక్క పల్లీ పలుకే తింటూ కుడి వైపు నడుస్తుంది. చివరి పలుకు దగ్గరికి వచ్చి ఆగిపోతుంది. దాన్ని ముట్టదు. పసుపు కళ్లతో దానివంక, తర్వాత కిటికీ వంక చూసి ఎగిరిపోతుంది. తొలిసారి వచ్చిన వాళ్లకు ఇది చూస్తే నవ్వొస్తుంది. నాకు మాత్రం వెన్నులో చలి పుట్టేది, ఎందుకంటే అది ఎవరికోసం ఆగుతోందో నాకు తెలుసు.

దానికి ఆ తిండి నేర్పింది మా అక్క. బావగారితో కాపురమున్న మూడో అంతస్తు ఇంట్లో, వంటగది కిటికీ గట్టు మీద, రోజూ పొద్దున్నే ఏడు పల్లీ పలుకులు వరసగా పెట్టేది. చెంచాతో కిటికీ ఊచ మీద మూడుసార్లు కొట్టేది. పిట్ట వచ్చి ఆరు తినేది. ఏడోది అక్క తీసుకుని నోట్లో వేసుకునేది. "దానికి ఆరు, నాకొకటి. ఇద్దరం కలిసి తిన్నట్టుంటుంది కదే" అనేది. నేను ఎగతాళి చేశాను. "బాగుంది, నీకు తోడు తినడానికి గోరింక దొరికింది" అన్నాను. ఆ ఏడో పలుకు సంగతి ఆమె నాకు తప్ప ఎవరికీ చెప్పలేదు. బావగారు నిద్ర లేచేసరికే ఆ తతంగమంతా అయిపోయేది.

బావగారు తాళాలు బాగుచేస్తారు. బజార్లో చిన్న కొట్టు. నెమ్మదైన మనిషి, గొంతు పెంచి ఎరగరు, ఎవరింట్లో తాళం పడిపోయినా నవ్వుతూ వెళ్లి తెరిచి వస్తారు. మా వైపు వాళ్లందరికీ ఆయనంటే ప్రాణం. ఒకరోజు అక్క మా ఇంటికి వచ్చి, గడప దాటకుండానే, "ఇంట్లో లోపలి గడియలన్నీ తీసేశారే. స్నానాలగదిది కూడా" అంది.

"పాడయ్యుంటాయి. బాగుచేసే పనే కదా ఆయనది" అన్నాను.

"పాడవలేదు. నేను తలుపు వేసుకుంటే ఆయనకు నచ్చదు. రాత్రి మెలకువ వస్తే మంచం పక్కన కుర్చీ వేసుకుని నన్నే చూస్తూ ఉంటారు. ఏమీ అనరు. ఊరికే చూస్తారు."

"ప్రేమే కాదటే అది? చిన్నదానికీ పెద్దదానికీ ఇంత రాద్ధాంతమా? సర్దుకుపో" అన్నాను. అవును, ఈ నోటితోనే అన్నాను. అక్క గడప దగ్గర్నుంచే వెనుదిరిగి వెళ్లిపోయింది. ఎనిమిదో రోజున ఇల్లు విడిచి పోయింది. రెండు ముక్కల చీటీ రాసిపెట్టింది. "నన్ను వెతకొద్దు. ఎవరికీ చెప్పి పోవడం లేదు." ఆ ఎవరికీలో నేనూ ఉన్నాను. ఆ మాట గుర్తొచ్చినప్పుడల్లా నా చెంపలు నేనే వాయించుకోవాలనిపించేది. అక్క దొరకాలి, దొరికితే కాళ్ల మీద పడాలి. పద్దెనిమిది నెలలు నాకు వేరే కోరిక లేదు.

అక్క పోయాక ఆ పిట్ట రెండు నెలల పాటు ఆ కిటికీ ఊచ కొడుతూనే ఉందట. బావగారే చెప్పారు. తర్వాత మా పళ్లేలకు వచ్చింది. దాని వెనకే ఆయనా వచ్చారు. ప్రతి ఆదివారం బిస్కెట్ల పొట్లంతో వచ్చేవారు, మా వరండాలో నిలబడి బోర్డు చూసేవారు.

ఆ బోర్డు గురించి చెప్పాలి. గోడ నిండా ఊరి పటం. ఉంగరాలున్న పిట్ట ఊళ్లో ఎక్కడ కనపడినా అక్కడ ఒక గుండుసూది గుచ్చి, ఏ పిట్ట, ఎన్ని గంటలకు, ఏం తింటోంది అని ఒక చీటీ తగిలిస్తాం. పక్కనే సూదుల డబ్బా ఉంటుంది. దారినపోయే వాళ్లయినా సరే, చూసి ఉంటే గుచ్చవచ్చు. చూసింది చూసినట్టు, టీ తాగకముందే బోర్డు ఎక్కాలన్నది కేంద్రం నియమం. పందొమ్మిదేళ్లలో నేను ఒక్క సూదీ ఎగ్గొట్టలేదు, ఒక్కటీ తప్పుగా గుచ్చలేదు. దాని గురించి నాకు తలపొగరు కూడా ఉండేది.

"ఈ పిట్టను చూస్తే మీ అక్కను చూసినట్టే ఉంటుంది మరదలా" అనేవారు బావగారు. పాపం అనుకునేదాన్ని. మా గేటు తాళం ఊరికే బాగుచేసి ఇచ్చారు. ఏ రంగు ఏ పిట్టదో, పిట్ట ఎంత తూగితే ఆకలితో ఉన్నట్టో, ఎంత తూగితే ఎక్కడో తినివచ్చినట్టో అడిగేవారు. అడగడమే ఆలస్యం, నేను పొంగిపోయి చెప్పేదాన్ని. నా పని గురించి అంత శ్రద్ధగా విన్నవాడు ఇంకెవడూ లేడు మరి.

ఆకుపచ్చ-నలుపు ఎప్పుడూ నూటపది గ్రాములుండేది. ఒక సోమవారం నూటపద్నాలుగు చూపించింది. బుధవారం నూటపదిహేడు. ఆ పై వారానికి నూటఇరవైరెండు. పళ్లెంలో మాత్రం ఏమీ తినడం లేదు. పొద్దున రావడం మానేసి మధ్యాహ్నం వస్తోంది. అంచు మీద వాలి, ఇనుము కొట్టకుండా, కడుపు నిండిన దానిలా ఈకలు సర్దుకుని పోతోంది.

నా గుండె ఆగినంత పనయింది. ఆ పిట్ట ఎక్కడపడితే అక్కడ తినేది కాదు. దానికి మూడు దెబ్బలు కొట్టేవాళ్లు కావాలి, ఏడో పలుకు తినేవాళ్లు కావాలి. అంటే అక్క ఉంది. ఈ ఊళ్లోనే ఉంది. బతికే ఉంది. పిచ్చిదానిలా ఆ బరువు అంకెను తెర మీద వేలితో తడిమాను.

మర్నాటి నుంచి తెల్లవారగానే బయల్దేరాను. మా పెరటి వెనక చెట్ల మీద రాత్రి గడిపే గోరింక రోజూ పొద్దున్నే ఒకే దారిన తిన్నగా పోతుంది. మొదటి రోజు వంతెన దాకా కనపడింది. రెండో రోజు వంతెన దగ్గరే నిలబడి, అక్కడి నుంచి పాల కేంద్రం దాకా చూశాను. అలా రోజుకు కాస్త ముందుకు జరిగాను. ఆ వేళ వీధుల్లో ఎవరూ ఉండేవారు కాదు. మూసిన కొట్ల ఇనప తలుపుల మధ్య నా చెప్పుల చప్పుడే నాకు వినపడేది. ఒక్కోసారి వెనక ఇంకో జత చెప్పులున్నట్టనిపించి తిరిగి చూసేదాన్ని. వీధి ఖాళీగా ఉండేది. రోజూ తిరిగి వచ్చాక, టీ తాగకముందు, ఎక్కడిదాకా చూశానో అక్కడ సూది గుచ్చేదాన్ని. అలవాటైన చెయ్యి. ఆలోచించలేదు. శనివారానికి బోర్డు మీద ఐదు సూదులు గీత గీసినట్టు నిలబడ్డాయి.

ఆదివారం పొద్దున దొరికింది. బట్టలు ఉతికి ఇస్త్రీ చేసే పాత కంపెనీ వెనక సందులో ఉన్న మేడ, రెండో అంతస్తు, పాత దుప్పటి కట్టిన కిటికీ. నేను సందు మొదట్లో ఉండగానే వినపడింది. టక్, టక్, టక్. దుప్పటి కింద నుంచి ఒక చెయ్యి బయటికి వచ్చింది. మనిషి కనపడలేదు, చెయ్యి ఒక్కటే. గట్టు మీద పలుకులు వరసగా పెట్టి లోపలికి పోయింది. గోరింక వాలి, ఆరు తిని, ఆగింది. మళ్లీ చెయ్యి వచ్చింది. మణికట్టు మీద చిన్నప్పుడు నా మూలంగా కాలిన మచ్చ. ఏడో పలుకు తీసుకుంది.

"అక్కా!" అని అరిచాను. చెయ్యి మాయమైంది. కిటికీ తలుపు ధన్‌మని పడింది.

మెట్లెక్కి తలుపు కొట్టాను. ఎంతసేపటికీ చప్పుడు లేదు. ఏడుపు గొంతుతో "నేనే అక్కా, నేనొక్కదాన్నే" అంటే, గొలుసు తగిలించి ఉంచి నాలుగు వేళ్ల మేర తెరిచింది. ఒక కన్ను, సగం చెంప. చిక్కిపోయింది.

"ఎవరు పంపారే నిన్ను?"

"ఎవరూ పంపలేదు. నీ పిట్ట వెనకాల వచ్చాను. అక్కా, నేను ఆ రోజు అన్నమాట..."

"అవన్నీ తర్వాత ఏడుద్దువుగాని. మీ బావ మీ ఆఫీసుకి వస్తుంటారా?"

"ప్రతి ఆదివారం వస్తారు. పాపం ఆయన..." అని ఆగిపోయాను.

ఆ కన్ను నన్నే చూస్తోంది. "బోర్డు మీద గుచ్చావా?"

నేను తల దించుకున్నాను.

"నీ సంగతి నాకు తెలీదా? చూసింది చూసినట్టు గుచ్చుంటావు. ఎన్ని?"

"ఐదు."

"ఓసి నీ దుంపతెగ" అంది అక్క. తిట్టులా లేదు. అలిసిపోయినట్టుంది. "వెళ్లు. ముందు అవి పీకెయ్. ఆయనకు తెరుచుకోని తలుపు లేదే ఈ ఊళ్లో. ఈ గొలుసొక్కటి కొనుక్కుని పద్దెనిమిది నెలల్నించి నిద్రపోతున్నాను."

పరిగెత్తాను. యాభై ఏళ్ల దాన్ని, మోకాళ్ల నొప్పుల దాన్ని, చెప్పులు చేత్తో పట్టుకుని ఆ వీధులన్నీ పరిగెత్తాను. వరండాలో ఎవరూ లేరు. బెంచీ మీద బిస్కెట్ల పొట్లం ఉంది. బోర్డు మీద నా ఐదు సూదులూ ఉన్నాయి. వాటి వరసలోనే, ఐదోది దాటి, నేను గుచ్చని ఆరోది ఉంది. సరిగ్గా ఇస్త్రీ కంపెనీ వెనక సందు మీద. చీటీ మీద గుండ్రటి అక్షరాలు, ఆయన కొట్టు ముందు పలక మీద ఉండేలాంటివి. "ఆకుపచ్చ-నలుపు. ఉదయం. ఇక్కడే తింటూ ఉండాలి."

తిరిగి వెళ్లేసరికి ఆ తలుపు వారగా తీసి ఉంది. తాళం మీద గీత కూడా లేదు. గొలుసు తెగలేదు, విరగలేదు, ఎవరో లోపలి నుంచి తీసినట్టే నెమ్మదిగా వేలాడుతోంది.

బావగారు గదిలో ఉన్న ఒక్క కుర్చీలో కూర్చుని ఉన్నారు. అక్క లేదు. పక్కబట్టలు సగం మడిచి ఉన్నాయి, కొక్కానికి చీర లేదు, సంచీ లేదు.

"రా మరదలా. ఆయాసపడుతున్నావు, కూర్చో" అన్నారు. "నేను వచ్చేసరికే లేదు. స్టవ్ మీద పాలు పొంగుతున్నాయి. నేనే ఆపాను."

గట్టు మీద ఏడు పలుకులున్నాయి. పోయే తొందరలో కూడా అక్క ఇంకోసారి పెట్టి పోయింది కాబోలు. లేక ఆయనే పెట్టారో. ఆయన లేచి, జేబులోంచి ఒక తాళంచెవి తీసి కిటికీ ఊచ మీద కొట్టారు. టక్, టక్, టక్. అచ్చం అక్క కొట్టినట్టే, అంతే ఎడంతో. ఎదురు డాబా మీది నుంచి గోరింక వచ్చి వాలింది. ఎడమ నుంచి కుడికి నడుస్తూ ఆరు తిని, ఏడో దాని దగ్గర ఆగి, ఆయన ముఖంలోకి చూసింది. ఆయనకు అర్థం కాలేదు. మిగిలినదాన్ని చెత్త ఊడ్చినట్టు చేత్తో కిందికి నెట్టి, గట్టు జేబురుమాలుతో తుడిచారు. పిట్ట ఎగిరిపోయింది.

"అది మళ్లీ మీ అక్కను వెతుక్కుంటుంది" అన్నారు. "నువ్వు మళ్లీ గుచ్చుతావు. నాకేం తొందర లేదు."

ఎవరికి చెప్పను? తలుపు పగలగొట్టలేదు, చెయ్యి ఎత్తలేదు, గొంతు పెంచలేదు. స్టవ్ ఆపారు. ఫిర్యాదు ఇస్తే ఏం రాస్తారు, పాలు పొంగకుండా చూశాడనా?

సూదులు పీకేశాను. మర్నాటి నుంచి ఆయన ఆదివారాల దాకా ఆగడం మానేశారు. కొట్టు మధ్యాహ్నం తెరుస్తానంటూ రోజూ ఎనిమిదింటికల్లా వచ్చి పెరట్లో పళ్లేల ఎదురు బెంచీ మీద కూర్చునేవారు. నేను పెద్దసారు దగ్గరికి వెళ్లి వద్దనమని అడిగాను. ఆయన ఆశ్చర్యపోయాడు. "జీతం లేకుండా పనిచేసేవాళ్లు ఈ రోజుల్లో దొరుకుతారా? మీ బావగారికి తెర ముందు కుర్చీ వేయించండి" అన్నాడు. వేయించారు. నా పక్కనే. నేను రాస్తుంటే నా భుజం మీదుగా ఆయన ఊపిరి వినపడేది. ఏ పిట్ట వాలినా రంగులు నాకంటే ముందు ఆయనే చెప్పేవారు.

పిట్ట బరువు పడిపోయింది. నూటపద్నాలుగు, నూటపది, నూటఆరు. పొద్దున్నే వచ్చి పళ్లెం అంచు కొట్టేది, ఆగేది, ఒకటి వదిలేసి పోయేది. అది చిక్కిపోతుంటే నాకు ఊరటగా ఉండేది, చూడండి నా బతుకు. అక్క ఎక్కడున్నా పలుకులు పెట్టడం లేదు, జాగ్రత్తగా ఉంది అనుకునేదాన్ని.

నెలన్నర తర్వాత ఒక గురువారం, బావగారు వచ్చేలోపే, నూటఎనిమిది. శుక్రవారమూ ఆయన రాకముందే, నూటపన్నెండు.

ఒసేయ్ అక్కా, నీకు బుద్ధుందా అని నాలో నేను తిట్టుకున్నాను. తిడుతూనే ఏడ్చాను. ఏ కొత్త కిటికీ దగ్గరో నిలబడి చెంచాతో కొట్టి ఉంటుంది. ఒక్కతే తినలేక. మనిషికి మాత్రం అలవాటు పోతుందా? అక్కకు పిట్ట లేకపోతే ముద్ద దిగదు, నాకు చూసింది గుచ్చకపోతే టీ దిగదు, ఆయనకు తలుపు కనపడితే చెయ్యి ఊరుకోదు.

శనివారం పొద్దున బావగారు నా పక్కన ఉండగానే అది వాలింది. తెర మీద అంకెలు కదలడం మొదలైంది. నూటపదీ, నూటపదమూడూ... అవి నిలబడేలోపు నా వేలు త్రాసు మీటను నొక్కేసింది. తెర మీద సున్నా.

"సున్నా చూపిస్తోందేం మరదలా?"

"పాడైనట్టుంది."

"చూడనా? చిన్న చిన్న పనిముట్లు నాకు అలవాటే."

"వద్దులెండి" అని లేచి పెరట్లోకి వెళ్లాను, పళ్లెం సర్దే మిషతో. గోరింక కాస్త వెనక్కి గెంతింది గానీ పోలేదు. పళ్లెంలో చివరి పలుకు ఒక్కటే మిగిలి ఉంది. ఆ ఒక్క పలుకు ఏమిటని ఆయన ఏదో ఒకరోజు అడుగుతారు. అడిగితే నా ముఖమే చెప్పేస్తుంది. వెనక నుంచి ఆయన కళ్లు నా వీపు మీద ఉన్నాయని తెలుస్తూనే ఉంది. చటుక్కున ఆ పలుకు తీసి నోట్లో వేసుకున్నాను.

గోరింక తల పక్కకు వంచింది. నా నోటివంక చూసింది. ఒక అడుగు దగ్గరికి వేసింది. అంత దగ్గరగా ఏ అడవి పిట్టా నన్ను అలా చూడలేదు. నన్నెక్కడో చూశానన్నట్టు, ఇన్నాళ్లూ ఎక్కడికి పోయావన్నట్టు చూసింది. నాకు రోమాలు నిక్కబొడుచుకున్నాయి. ఏం చేయాలో కూడా అప్పుడే తెలిసింది.

మర్నాటి నుంచి ఇంకా మసక వీడకముందే కేంద్రానికి వెళ్లేదాన్ని. బావగారు వచ్చేలోపు, పిట్ట ఊళ్లోకి పోయేలోపు, నా గది కిటికీ గట్టు మీద ఏడు పలుకులు పెట్టి, పెన్సిలుతో ఊచ మీద మూడుసార్లు కొట్టేదాన్ని. మొదటి రోజు రాలేదు. రెండో రోజు వచ్చి దూరంగా కూర్చుంది. నాలుగో రోజు ఆరు తిని ఆగింది. ఏడోది నేను తిన్నాను. పల్లీ పలుకు మింగడం అంత కష్టమని నాకు అంతకుముందు తెలియదు. అది అక్క వాటా. ఆ పిట్టతో కలిసి తినే ఆ ఒక్క పూటా అక్కకున్న ఒక్క తోడు. దాన్ని నేను దొంగతనం చేస్తున్నాను.

రెండు వారాల్లో అది వంతెన వైపు పోవడం మానేసింది. పెరట్లోనే తిరిగేది. లావెక్కితే ఆయనకు అనుమానం వస్తుందని పళ్లెంలో గింజ తగ్గించాను. దాని బరువు నూటపది దగ్గర నిలబడిపోయింది. రోజూ నూటపదే. పెద్దసారు పుస్తకం తిరగేసి మురిసిపోయాడు. "చూశారా, ఇన్నేళ్లకు దారికొచ్చారు. అచ్చంగా సగటు" అన్నాడు. తల ఊపాను. పొద్దుటి కిటికీ సంగతి నేను ఎక్కడా రాయలేదు. పందొమ్మిదేళ్లలో నేను చూసి రాయనిది అదొక్కటే.

బావగారు ఇంకో నెల కూర్చున్నారు. చివరికి ఒకరోజు లేచి, చొక్కా సర్దుకుని, "అయితే దీనికి ఎవరూ పెట్టట్లేదన్నమాట" అన్నారు.

"ఎవరు పెడతారు?"

"మీ అక్క పిట్ట మామూలుది కాదనుకున్నాను."

ఆయన నా ముఖంలోకే చూస్తున్నారు, తాళం రంధ్రంలోకి చూసినట్టు. నేను కళ్లు తిప్పుకోలేదు.

"పిట్టలన్నీ ఒకటే బావగారూ" అన్నాను. "ఎక్కడ దొరికితే అక్కడ తింటాయి."

ఆయన చిన్నగా నవ్వి గేటు దాకా నడిచారు. అక్కడ ఆగి, నావైపు తిరక్కుండా, జేబులోంచి తాళంచెవి తీసి గేటు ఇనప కమ్మీ మీద కొట్టారు. టక్, టక్, టక్. గోరింక నా కిటికీ గట్టు మీద ఉంది. తల ఎత్తి విన్నది. అది గేటు వంక చూసింది, తర్వాత నావంక చూసి, ఉన్నచోటే ఉండిపోయింది. గేటు మూసిన చప్పుడైంది. ఆ తర్వాత ఆదివారం ఆయన రాలేదు. ఆ పై వారమూ రాలేదు. బజార్లో కనపడినా తల పంకించి పోతారు. ఆయన బాగుచేసిన మా గేటు తాళం మాత్రం నేను మార్పించాను, వేరే ఊరివాడితో.

అక్క ఎక్కడుందో నాకు తెలియదు. తెలుసుకునే దారి ఒక్కటుండేది, దాన్ని నేనే మూసేశాను. రోజూ పొద్దున నేను ఊచ కొట్టే వేళకే, ఊళ్లో ఎక్కడో దుప్పటి కట్టిన కిటికీ దగ్గర అక్క కూడా చెంచాతో మూడుసార్లు కొట్టి ఉంటుంది. కాసేపు ఆగి చూసి ఉంటుంది. గట్టు మీద ఏడు పలుకులూ అలాగే ఉంటే, పిట్ట చచ్చిపోయిందనుకుని ఉంటుంది. అలాగే అనుకోనీ.